అన్నం మానమన్న సార్ పడవెక్కిన రోజు

మా శాఖలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "సార్, షుగర్ గురించి జనానికి ఎట్లా చెప్పాలి?" అని అడుగుతుంటారు. నేను బాగా చెప్పేవాణ్ణని ఎవరో వాళ్ళకు ఎక్కించి ఉంటారు. అబద్ధం కాదు. మైకు చేతికిస్తే మా మండలంలో నన్ను ఆపగలిగినవాడు లేడు, కరెంటు పోతే తప్ప. నా మాటలు విని ఎంతమంది బాగుపడ్డారో నాకు తెలియదు. విని చెడిపోయిన మనిషి ఒకాయన మాత్రం బాగా తెలుసు. ఆయన సంగతి నా పదవీ విరమణ సభలో చెప్పలేదు. ఆ రోజు శాలువాలు కప్పించుకునే పనిలో ఉన్నాను.

నేను ఆరోగ్య శాఖలో సూపర్వైజరుగా పనిచేశాను. చివరి ఉద్యోగం బోగోలు వైపు సముద్రపు ఒడ్డు పాలేల్లో. మాది లోపలి ఊరు, వరి పండించే కుటుంబం. సముద్రంతో నాకున్న పరిచయం ఒడ్డున నిలబడి ఫోటో దిగేంత మాత్రమే. అలాంటివాణ్ణి, వేట మీద బతికే జనానికి ఏం తినాలో ఎట్లా బతకాలో చెప్పమని జీతమిచ్చి పెట్టారు.

షుగర్ సదస్సుల కోసం పైనుంచి ఒక ఫ్లెక్సీ వచ్చింది. దాని మీద ఒక కంచం. కంచంలో ఓట్స్, యాపిల్ ముక్కలు, బాదం పప్పులు, పచ్చటి పువ్వులాంటి ఒక కూర. ఆ కూర పేరు నాకూ తెలియదు. ఎవరైనా అడుగుతారేమోనని మాట్లాడేటప్పుడు నా భుజం దానికి అడ్డం పెట్టి నిలబడేవాణ్ణి. కంచం పక్కన బూట్లు వేసుకుని నవ్వుతూ పరిగెడుతున్న ఒక అమ్మాయి. ఆ ఫ్లెక్సీని ఒక పాలెంలో వలలు ఆరేసే కొయ్యలకు కట్టించి, పొద్దున్నించి చేపల గంపలు మోసి వచ్చి ఇసుకలో కూలబడ్డ ఆడవాళ్ళకు, "రోజూ అరగంట నడవాలమ్మా" అని బోధించాను.

"గంప నెత్తిన బెట్టుకొని నడవాల్నా సార్, దించేసి నడవాల్నా?" అని అడిగింది ఒక ముసలామె.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ పాలెంలో అవగాహన తక్కువగా ఉందని పై అధికారులకు రాసి పంపాను. సదస్సు అయ్యాక మా సిబ్బంది అందరం కావలి పోయి బిర్యానీ తిని, అరగడానికి కూల్‌డ్రింకు తాగాం. షుగర్ బిళ్ళలు అప్పటికే నా చొక్కా జేబులో కూడా ఉండేవి. ఎవరికీ చూపించేవాణ్ణి కాదు.

ఆ ఏడు ప్రతి ఊళ్ళో ఒక గోడ మీద నినాదం రాయించమన్నారు. నినాదాలు కట్టడంలో నాకు నేనే సాటి. ఆ పాలెంలో చావిడి గోడ మీద నీలం రంగుతో రాయించాను: "అన్నం మానండి – బిళ్ళ మానకండి."

మా ఆసుపత్రిలో అప్పుడే చేరిన డాక్టరమ్మ దాన్ని చూసి ముఖం చిట్లించింది. నా కూతురి వయసుంటుంది ఆమెకు.

"అన్నం తగ్గించమనండి సార్, మానమనడమేమిటి? వీళ్ళలో కొంతమంది వేసుకునే బిళ్ళ పొట్టలో ఏమీ లేకపోయినా రక్తంలో చక్కెరని లాగేస్తూనే ఉంటుంది. బిళ్ళ వేసుకుని తినకపోతే ప్రమాదం. అది కూడా రాయించండి."

"అదంతా పట్టడానికి గోడ చిన్నది డాక్టరమ్మా," అన్నాను. పక్కనున్న సిబ్బంది నవ్వితే ఎంత సంతోషపడ్డానో!

మా వృత్తిలో ఒక దొంగ లెక్క ఉంది. పదింతలు చెబితే ఒక వంతు చేస్తారు కాబట్టి పదింతలే చెప్పాలన్నది ఆ లెక్క. అన్నం మానమంటే ఒక ముద్ద తగ్గిస్తారు, చాల్లే అనుకుంటాం. జనం మన మాట వినరన్న ధీమాతోనే మనం నోటికొచ్చింది మాట్లాడతాం. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి ఎదురైతే ఏమవుతుందో మా శిక్షణ తరగతుల్లో ఎవరూ చెప్పలేదు.

అలాంటి మనిషి ఆ పాలెంలో ఉన్నాడు. యాభై దాటినవాడు, షుగర్ బిళ్ళ వేసుకునేవాడు. పడవకు చుక్కాని పట్టేవాడు. ఒడ్డుకు దగ్గర్లో అలలు విరిగే చోట పడవను దాటించడంలో ఆయన చెయ్యి మంచిదని ఊళ్ళో పేరు. తాగడు, పొగ తాగడు. మితంగా మాట్లాడతాడు. నేను మైకులో మాట్లాడుతుంటే పిల్లవాడు పాఠం వింటున్నట్టు వినేవాడు. అంతకుముందు వేకువన పడవ తోసే ముందు ఓ గిన్నెడు చద్దన్నం, ఉల్లిపాయ, రాత్రి మిగిలిన చేపల పులుసు తిని పోయేవాడు. గోడ మీద నినాదం చదివిన మర్నాటి నుంచి చద్దన్నం మానేశాడు. బిళ్ళ మానలేదు.

ఆయన భార్య గోధుమ పిండి కొని, అలవాటు లేని చేతులతో చపాతీలు చేసి కట్టిచ్చేది. అవి ఆయన మధ్యాహ్నం దాటాక ఒడ్డుకొచ్చి తినేవాడు. అప్పటికి అవి ఉప్పుగాలికి చెప్పుల తోలులా అయ్యేవి. పడవలోనే ఎందుకు తినేవాడు కాదో నేను అడగలేదు. అసలు ఆయన్ని నేను ఏమీ అడగలేదు. నెల తర్వాత వేలు గుచ్చి చూస్తే షుగర్ బాగా తగ్గి ఉంది. ఆయన్ని సదస్సులో లేపి నిలబెట్టి, "చూడండి, ఇతన్ని చూసి నేర్చుకోండి" అని చప్పట్లు కొట్టించాను. ఆయన చొక్కా చెమటతో వీపుకు అంటుకుపోయి ఉండటం చూశాను. ఎండ అనుకున్నాను.

తర్వాత కొన్నాళ్ళకు పడవ మీద గొడవలు మొదలయ్యాయి. నెమ్మదస్తుడు కాస్తా ఉన్నట్టుండి బూతులు తిడుతున్నాడు. చేతులు వణుకుతున్నాయి. ఒకరోజు ఉత్తరానికి పోవలసిన పడవను దక్షిణానికి తిప్పాడు. ఇంకో రోజు విరిగే అల ముందు పడవను అడ్డంగా పెట్టి, అందరినీ నీళ్ళలో కలపబోయాడు.

ఆ పాలేల్లో ఊరి పెద్దల్ని కాపులంటారు. వాళ్ళు పెట్టే కట్టుబాటు దురాయి. తాగి పడవెక్కకూడదన్నది అక్కడ పాత దురాయి. కాపులు చావిడిలో కూర్చుని ఆయన్ని పిలిపించారు. బీపీలు చూడటానికి వెళ్ళిన నేను కూడా ఆ రోజు అక్కడే ఉన్నాను. నాకు కుర్చీ వేశారు.

"గంగమ్మ తోడు, నేను తాగలే," అన్నాడాయన.

"తాగకుండానే మాట ముద్దముద్దగా వచ్చిందా? తూలినావు గదా మామా!" అన్నాడు ఆయన పడవలోనే పనిచేసే ఒక కుర్రవాడు.

"నాకేం తెలవడంలా. మబ్బు కమ్మినట్టయితది. అంతే."

పెద్దకాపు నా వైపు తిరిగాడు. "వాసనైతే రాలేదంటుండారు సార్. మీరు చదువుకున్నోళ్ళు, మీరేమంటారు?"

తెలియదు అని ఉండొచ్చు. డాక్టరమ్మకు చూపిద్దాం అని ఉండొచ్చు. నాకు కుర్చీ వేశారు కదా! కుర్చీ వేస్తే ఏదో ఒకటి అనాలి.

"వాసన రాని సరుకు కూడా దొరుకుతోందిలే ఈ మధ్య," అన్నాను.

చావిడంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వుతోనే తీర్పు అయిపోయింది. మళ్ళీ చెప్పేదాకా పడవ ఎక్కకూడదని ఆయనకు దురాయి వేశారు. చుక్కాని ఆ కుర్రవాడి చేతికి పోయింది. చుక్కాని లేకపోతే ఆయనకు ఆ ఊళ్ళో వాటా లేదు, మాట లేదు. వలలు బాగుచేసుకుంటూ ముసలివాళ్ళ పక్కన కూర్చోవలసిందే.

ఆయన భార్య నా దగ్గరికి వచ్చింది. "మీరు చెప్పినట్టే చేస్తుండాడు గదా సార్, మీరే అట్టా అంటే ఎట్టా?" అని అడిగింది. మొగుడి తాగుడు కప్పిపుచ్చే ఆడవాళ్ళ వల్లే సంసారాలు నాశనమవుతున్నాయని ఆమెకు చాలాసేపు చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విని వెళ్ళిపోయింది. అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? తర్వాతి సదస్సుల్లో, పక్క ఊళ్ళలో, తాగుడు వల్ల చుక్కాని పోగొట్టుకున్న ఒకాయన కథ చెప్పడం మొదలుపెట్టాను. బాగా పండేది.

ఒక ఉదయం షుగర్ పరీక్షలకని ఆ పాలెం వెళ్ళాను. వలల దగ్గర జనం మూగి ఉన్నారు. ఆయన ఇసుకలో పడి ఉన్నాడు.

"పొద్దన్నే ఏసినాడు సార్. ఈసారి గట్టిగానే," అన్నాడెవరో.

వంగి చూశాను. ఒళ్ళంతా నీళ్ళలో ముంచి తీసినట్టుంది. చెయ్యి చల్లగా ఉంది. నోటి దగ్గర ముక్కు పెట్టాను. ఖాళీ కడుపు వాసన తప్ప ఏమీ లేదు. మిషను తీసి వేలు గుచ్చాను. అంకె చూసి, మిషను చెడిందనుకుని ఇంకో వేలు గుచ్చాను. మిషను చెడలేదు. మనిషి ఒంట్లో ఉండవలసిన చక్కెరలో సగం కూడా లేదు.

"ఏమన్నా తిన్నాడా?" అని అరిచాను. ఆయన గురించి నేను ఏదైనా అడగడం అదే మొదలు.

"బిళ్ళేసుకున్నాడు," అంది భార్య. "తిన్లా. గోడ మీద రాసినారు గదా మీరు."

మింగడానికి తెలివి ఉంది కాబట్టి బతికిపోయాడు. టీ కొట్టు నుంచి చక్కెర తెప్పించి నీళ్ళలో కలిపి కొంచెం కొంచెంగా పట్టించాం. కాసేపటికి కళ్ళు తెరిచాడు. చుట్టూ ఉన్న ముఖాలు చూశాడు.

"నేనేమన్నా ఎవర్నన్నా తిట్టినానా?" అని అడిగాడు.

ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరమ్మ నన్ను పక్కకు జరగమంది. ఆయన్ని కూర్చోబెట్టి, ఎన్నింటికి లేస్తావు, ఎప్పుడు తింటావు, పడవలో ఎంతసేపుంటావు, వల లాగేటప్పుడు ఎట్లా ఉంటుంది అని వరసగా అడిగింది. తర్వాత బిళ్ళ మార్చింది. చద్దన్నం మళ్ళీ తినమంది, కాకపోతే సగం గిన్నె. మిగతా సగానికి ఆకుకూరో, చిక్కుడుకాయో. వేపుడు కాకుండా పులుసు చేప. టీలో చక్కెర వద్దు. జేబులో బెల్లం ముక్క ఎప్పుడూ ఉండాలి, వణుకు పుడితే నోట్లో వేసుకోవాలి. బిళ్ళకూ తిండికీ మధ్య ఎడం ఉండకూడదు. ఇందులో ఓట్స్ లేవు, బాదం లేదు, ఆ పచ్చ పువ్వూ లేదు. ఆయన ఇంటి కుండలో లేనిదేదీ లేదు. ఇన్నేళ్ళు మైకులో నేను అరిచినదంతా ఏమిటో మరి.

ఇక నా సంగతి. పెద్దకాపును ఒంటరిగా కలిసి, ఆయన తాగలేదు, జబ్బు వల్ల అట్లా అయిందని గొణిగాను.

"మందిలో అన్న మాట మందిలోనే ఎనక్కి తీసుకోవాల సార్," అన్నాడు పెద్దకాపు.

నాకు శిక్షణ తరగతులు అడ్డం వచ్చాయి. తర్వాత వాహనం దొరకలేదు. ఆ తర్వాత పోలియో చుక్కలు. ఎవరికీ అక్కరలేని పనులు కూడా ఆ రోజుల్లో ఎంత శ్రద్ధగా చేశానో! ఎదురుపడినప్పుడల్లా "చెప్పారా సార్?" అని డాక్టరమ్మ అడిగేది. ఆమెను తప్పించుకు తిరగడం, చెప్పేయడం కంటే కష్టమయ్యాక, వెళ్ళాను.

చావిడిలో నిలబడి చెప్పాను. ఆయన తాగలేదు, అన్నం మానమన్నది నేను, ఆ గోడ మీది రాత నాది, వాసన రాని సరుకని ఎగతాళి చేసిందీ నేనే అన్నాను. సార్ ఎంత నిజాయితీపరుడో అని ఎవరైనా అంటారేమోనని లోపల ఒక మూల ఎదురుచూశాను కూడా. తప్పు ఒప్పుకునేటప్పుడు కూడా మైకు అలవాటు పోదు.

పెద్దకాపు తల అడ్డంగా ఊపాడు.

"తాగుడైతే రేపు మానుకుంటాడు సార్. మీరేమో జబ్బంటుండారు. జబ్బుని మానుకోమంటే మానుకుంటాడా? అలలో ఉన్నెప్పుడు మబ్బు కమ్మితే? నలుగురు పిలకాయలు ఉంటారు పడవలో. ఇంక వాడికి చుక్కాని ఎట్టా ఇచ్చేది?"

నా నిజం ఆ మనిషి నెత్తి మీది తాగుబోతన్న పేరు తీసేసి, పడవ దారి మూసేసింది. చావిడిలో ఒక మూల కూర్చుని ఉన్న ఆయన నా వైపు చూశాడు. "తాగినానని అనుకునిండినా బాగుండేది సార్. ఎప్పుడో ఒకప్పుడు ఎక్కనిచ్చేవాళ్ళు," అన్నాడు.

మళ్ళీ అట్లా జరగదని, తిండీ బిళ్ళా సరిపెట్టారని, డాక్టరమ్మ రోజూ వేర్వేరు వేళల్లో పరీక్ష చేసి చూసిందని చెప్పాను.

"పోయినసారి కూడా మీ మాటే నమ్మినాం గదా," అన్నాడు పెద్దకాపు.

"అంత నమ్మకముంటే సార్‌నీ ఎక్కమనండి పడవ," అన్నాడు చుక్కాని పట్టిన కుర్రవాడు. మళ్ళీ నవ్వు. ఈసారి నా మీద.

ఎక్కుతానన్నాను. ధైర్యం వల్ల కాదు. ఆయన ఇంకా నా ముఖమే చూస్తున్నాడు. ఆ చూపు ముందు ఒక్క సాకు కూడా తోచలేదు. ఒక్కరోజు ఆయనకు చుక్కాని ఇచ్చి చూద్దామన్నాడు పెద్దకాపు.

డాక్టరమ్మ సరే అన్న తర్వాత ఒక వేకువన వెళ్ళాను. ఆయన సగం గిన్నె చద్దన్నం, తోటకూర, చేప ముక్క తిని, బిళ్ళ వేసుకుని, బెల్లం ముక్క నడుముకు చెక్కుకుని వచ్చాడు. నన్ను ఇద్దరు చంకల కింద పట్టుకుని మూటలా లోపలికి ఎత్తారు.

"చపాతీలు తెచ్చుకున్నారా సార్?" అన్నాడు పడవలో ఒకడు.

"సార్ ఒక సదస్సు పెడితే అలలే అణుగుతాయిలే. అన్నం మానండని చెప్తారు వాటికి."

మొదటి అల దాటేసరికి నా పొట్టలో ఉన్నదంతా సముద్రానికి సమర్పించాను. ఆయన చెయ్యి మాత్రం చుక్కాని మీద కదలలేదు. లోపలికి పోయాక వల వదిలారు. పొద్దెక్కింది. మధ్యలో ఒకసారి వేలు గుచ్చి చూస్తే అంకె బాగానే ఉంది. పడవలోవాళ్ళు వలలో పడ్డ చేపను చూసినట్టు ఆ మిషను మీదికి వంగి చూశారు. ఇంకొంతసేపు గడిచింది. ఆ రోజు వల బరువెక్కడం లేదు, ఎత్తడం ఆలస్యమవుతోంది. రెండోసారి చూస్తే అంకె కిందికి జారుతోంది. బెల్లం నోట్లో వేసుకోవలసినంత ప్రమాదం లేదు కాని, ఇక ఏదైనా తినవలసిన వేళ. ఆయన భార్య కట్టిచ్చిన రాగి ముద్ద డబ్బాలో ఉంది. తినమన్నాను.

ఆయన డబ్బా ముట్టుకోలేదు.

"వల నీళ్ళల్లో ఉండంగా ఎవురూ మెతుకు నమలగూడదు సార్," అన్నాడు కుర్రవాడు. ఈసారి ఎగతాళి లేదు. "మా తాతల కాడ్నుంచి ఉండాది. గంగమ్మ ఇంకా ఇయ్యకముందే మనం తింటే, మళ్ళీ ఏమిస్తది?"

అందుకే చపాతీలు ఒడ్డుకు తిరిగి వచ్చేవన్నమాట. ఆ బిళ్ళ వేసుకుని, వల లేచేదాకా, వట్టి కడుపుతో, ఇన్నాళ్ళూ. ఈ ఒక్క సంగతి తెలుసుకోవడానికి నాకు ఇంత దూరం, ఇన్ని వాంతులు కావలసి వచ్చాయి.

మూఢనమ్మకాల మీద నా దగ్గర మంచి ఉపన్యాసం ఉంది. పిడికిలి బిగించి చెప్పేది. అది గొంతు దాకా వచ్చింది. సముద్రం మధ్యలో, వాంతితో తడిసిన చొక్కాతో, ఆ నలుగురి పడవలో కూర్చుని దాన్ని మింగేశాను.

"నమలగూడదు సరే. తాగొచ్చా?" అని అడిగాను.

"నీళ్ళు తాగతాం గదా," అన్నాడు ఒకడు.

"గంజి?"

"గంజికి అడ్డం లేదబ్బా. మా నాయన తాగేవాడు," అన్నాడు ఇంకొకడు.

కుర్రవాడు రాగి ముద్ద డబ్బా తీసుకున్నాడు. తన గంజి క్యాను మూత తీసి, ముద్దను అందులో వేసి, మెతుకు లేకుండా చేత్తో బాగా పిసికి, జావలా చేసి, చుక్కాని దగ్గరికి తీసుకెళ్ళి ఇచ్చాడు. "తాగు మామా. నమిలినావంటే మాత్రం నెట్టేస్తా నీళ్ళల్లోకి."

ఆయన ఒక చెయ్యి చుక్కాని మీదే ఉంచి, రెండో చేత్తో క్యాను ఎత్తి తాగాడు. మిగిలింది నాకిచ్చారు. చాలా ఉప్పగా ఉంది. నేనూ తాగాను.

వల లేచింది. అంత గొప్పగా ఏమీ పడలేదు, మరీ తక్కువా కాదు. తిరిగి వచ్చేటప్పుడు అలలు విరిగే చోట ఇంజను తగ్గించి, ఒకదాని వెనక ఒకటి వదిలేస్తూ ఆయన ఆగాడు. కుర్రవాడి చెయ్యి చుక్కాని వైపు కొంచెం సాగి ఉంది, అవసరమైతే లాక్కోవడానికి. నేను మిషను పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి పడవ అడుగు ఇసుకను రాసుకుంటోంది. కుర్రవాడు చెయ్యి వెనక్కి తీసేసుకుని, వలలు దించే పనిలో పడ్డాడు.

ఒడ్డున పెద్దకాపు నిలబడి ఉన్నాడు. నేను తడబడుతూ దిగి, ఊపిరి కూడదీసుకుని, అంకెలు చెప్పబోయాను. ఆయన నన్ను పట్టించుకోలేదు. నన్ను దాటుకుని చుక్కాని దగ్గరికి పోయాడు.

"రేపు ఏ పొద్దుకి తోస్తావురా పడవ?" అని అడిగాడు.

"తిన్నాక, మామా."